కమాన్ కట్టకు ఒక రబ్బరు ముక్క

జీపు కింద బరువు మోసే ఉక్కు పట్టీలను కమాన్ కట్టలంటాం. కమాన్ మన ఫారసీ లఫ్జే. విల్లు అని మానీ. హైదరాబాద్ చార్ కమాన్‌లో అదే మాటకు అర్థం తోరణం. మా ఆదోనిలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు కమాన్లు రాతితో బరువు మోస్తే, జీపు కమాన్లు ఉక్కుతో మోస్తాయి. ఫరక్ ఏమిటంటే రాతి కమాన్ కదలకూడదు, ఉక్కు కమాన్ కదలాలి. గుంతలో పడినప్పుడు అది సాగి పొడవవుతుంది. ఆ కదలికను ఓర్చుకునేది దాని కంట్లో ఉండే రబ్బరు బుష్.

మా చిచ్చా పాత మహీంద్రా జీపుకు ఆ బుష్‌లే అరిగిపోయాయి. పత్తి ఏరే కాలంలో ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల కూలీలను చేలకు చేర్చేది ఆ జీపే. ఇంటి రోజీ దాని మీదే. గుంత తగిలితే టక్‌మని చప్పుడు, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగడం. "అమ్మేయ్ భాయ్" అన్నారు రిష్తేదార్లు. "సీజన్ అయినాక చూద్దాంలే" అన్నాడు చిచ్చా. చాచీ ఒప్పుకోలేదు. "ఎక్కినోళ్ల జాన్ మన దగ్గర అమానత్ గదా! రెండు రోజుల కమాయి పోతే పోనీ."

ఎమ్మిగనూరు ఉస్తాద్ గడ్డపారతో కమాన్ కన్ను దగ్గర ఎత్తి చూశాడు. బోల్టు లోపల ఆడుతోంది. "కమాన్లు మజ్బూత్‌గా ఉండాయి, రబ్బరే ఖతమ్" అన్నాడు.

తుప్పు బోల్టులకు రాత్రే డీజిల్ పోసి పెట్టాడు. తెల్లారి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలిపి, ఇరుసును జాకీతో పట్టి ఉంచి బోల్టులు లాగాడు. పాత బుష్ ఇనుప తొడుగును రంపంతో సన్నగా కోశాడు, కంటికి గాటు పడకుండా. ఎమెరీ కాగితంతో లోపల రుద్ది, కొత్త బుష్‌లను బైస్‌లో పెట్టి నెట్టాడు. గ్రీజు వద్దన్నాడు, రబ్బరు ఉబ్బి పాడవుతుందట. సబ్బు నీళ్లే రాశాడు. నాలుగు కమాన్ కట్టలకు రెండేసి కళ్లు, పైన ఊగే షాకిల్‌కు ఒక్కొక్కటి, మొత్తం 12 చోట్లు. ఒక పక్కే మార్చి ఇంకో పక్క వదిలేస్తే బండి ఏటవాలుగా నడుస్తుందని అన్నీ మార్చాడు.

చిచ్చా తొందరపడి నట్లు బిగించబోతే ఉస్తాద్ ఆపాడు. "ఠైరో! బండిని కింద దించి, బరువు పడినాకనే ఆఖరి బిగింపు." గాల్లో బిగిస్తే కమాన్ వంపు వేరుగా ఉంటుంది. తర్వాత బరువు పడగానే రబ్బరు మెలితిరిగి, అదే మెలికలో నలిగి తొందరగా చిరుగుతుంది.

మూడో రోజు కూలీలు ఎక్కారు. చప్పుడు లేదు. సీటు కింద ఇనుము మోగకపోతే మాటలు వినబడుతున్నాయని ఒక ముసలమ్మ నవ్వింది.

మీ ఇంట్లో పాత జీపో ట్రాలీనో ఉంటే, బండి అమ్మే ముందు, కమాన్లు మార్చే ముందు, ఆ రబ్బరు ముక్కలను ఒకసారి చూపించండి. కొత్తవి వేయించేటప్పుడు ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నాకే చేస్తున్నారా అని దగ్గరుండి అడగండి.