నాలుగు బేస్ బాక్సులు, ఒక తుడుము



ఆగస్టు 9 వస్తోందంటే హాస్టల్లో మొదటి మాట సౌండ్ సిస్టమే. "ఎనిమిది బేస్ బాక్సులు పెట్టాల్సిందే" అన్నారు మావాళ్లు. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చదివిన ఫిజిక్స్ ఇక్కడన్నా పనికి రావాలని లెక్కకి కూర్చున్నాం.

50 హెర్ట్జ్ శబ్దం అల పొడవు గాలిలో దాదాపు 7 మీటర్లు. బాక్సులు సగం ఎడమకి, సగం కుడికి పెడితే, ఒక పక్కది ఇంకో పక్కదానికంటే మూడున్నర మీటర్లు దూరమయ్యే చోట రెండు అలలూ కొట్టుకుని బేస్ సన్నబడుద్ది. నడిమధ్య నిలబడ్డోళ్లకి మాత్రం గుండెలదురుతాయి. అదే అన్నీ ఒకచోట నేలకి ఆనించి పెడితే, బాక్సులు రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ దాకా పెరుగుద్ది.

అందుకే నాలుగే అడిగాం. నాలుగూ ఒకే మోడల్. కింద రెండు, పైన రెండు, చదునైన నేల మీద, బెల్టుతో గట్టిగా బిగించి. పిల్లలు ఎక్కకుండా చుట్టూ తాడు.

మిగిలిన చందా డబ్బు ఊరి నుంచి వాయిద్యాలతో వచ్చే పెద్దోళ్ల బస్సు ఛార్జీలకి.

థింసా మొదలైతే బేస్ పూర్తిగా ఆపాలని సౌండ్ అన్నకి ముందే చెప్పాం. మన అవ్వల అడుగు పడేది తుడుము, డప్పు దెబ్బకే. అది వినపడకపోతే వరస తెగిపోద్ది. మన పండగలో మన తుడుమే వినపడకపోతే ఆ బాక్సులు ఎవరి కోసం?

మీ ఊళ్లో ఎట్ట పెడుతున్నారో కింద రాయండి. జోహార్.