ఆంధ్రా నది నుంచి భీవండి దాకా: నీరు, కరెంటు, మిథేన్

పూణే జిల్లా మావళ్ తాలూకాలో, సహ్యాద్రికి తూర్పు వాలున ఆంధ్రా అనే చిన్న నది పుడుతుంది. దాని సహజమైన దారి తూర్పుకే. అది ఇంద్రాయణిలో కలుస్తుంది, ఇంద్రాయణి తుళాపూర్ దగ్గర భీమలో కలుస్తుంది, భీమ తెలంగాణ సరిహద్దులో కృష్ణను చేరుతుంది. ఆ లెక్కన ఆంధ్రా నీరు జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి బంగాళాఖాతానికి పోవాలి. ఠోకర్‌వాడి ఆనకట్ట ఆ దారిని మార్చింది. 1922లో భివ్‌పురీ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. అప్పటి నుంచి ఈ నీరు కొండను దాటి పడమటికి మళ్లి, కొంకణంలోని ఉల్హాస్ నదిలో పడుతోంది. ఉల్హాస్ కల్యాణ్ దాటి, భీవండి పక్కగా అరేబియా సముద్రానికి పోతుంది. ఆ భీవండిలోనే కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా సాంచెలు (మరమగ్గాలు) నడుపుకుంటూ బతుకుతున్నాయి.

బొంబాయి బట్టల మిల్లులకు కరెంటు ఇవ్వడానికి టాటాలు ఈ కొండల్లో మూడు కేంద్రాలు కట్టారు: ఖోపోలీ 1915లో, భివ్‌పురీ 1922లో, భీరా 1927లో. భీరా కోసం కట్టిన ముళ్శీ ఆనకట్ట కింద పొలాలు పోగొట్టుకున్న రైతులు 1921లో సత్యాగ్రహానికి దిగారు. వారికి నాయకత్వం వహించిన పాండురంగ మహాదేవ్ బాపట్‌కు సేనాపతి అన్న పేరు ఆ పోరాటంతోనే స్థిరపడింది. ఆనకట్టకు ఎదురు నిలిచిన ఉద్యమాల్లో ప్రపంచంలోనే తొలి వరసలో చెప్పుకోవలసినది అది. తర్వాతి కాలంలో కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ మళ్లింపుకు హద్దు పెట్టింది. టాటా కేంద్రాలు ఏ ఒక్క ఏడాదిలోనూ 54.5 టీఎంసీలు, వరుసగా ఏ అయిదేళ్లలోనూ 212 టీఎంసీలు మించి పడమటికి తీసుకుపోకూడదు. అదే కృష్ణా బేసిన్‌లోని కోయనా కేంద్రానికి ఏడాదికి 67.5 టీఎంసీలు అనుమతించింది.

పడమటికి మళ్లించడానికి కారణం కొండ ఎత్తు. సహ్యాద్రి తూర్పున దక్కను పీఠభూమిలోకి మెల్లగా వాలుతుంది, పడమట గోడలా తెగిపడుతుంది. భివ్‌పురీ దగ్గర నీరు గొట్టాల్లో సుమారు 500 మీటర్లు కిందికి దూకుతుంది. అంత ఎత్తు నుంచి పడే ఒక్క ఘనపు మీటరు నీరు ఒక యూనిట్‌కు పైగా కరెంటు ఇస్తుంది. అదే నీరు తూర్పుకు పోయి శ్రీశైలం టర్బైన్లలో పడితే, అక్కడి ఎత్తు 90 మీటర్ల లోపే కాబట్టి, యూనిట్‌లో అయిదో వంతు వస్తే గొప్ప. ఎత్తు ఎక్కువైతే కొద్దిపాటి నీటితో పని జరుగుతుంది, చిన్న జలాశయం చాలు. ఎత్తు తక్కువైతే నీరు ఎక్కువ కావాలి, ముంపు పెరుగుతుంది. జలవిద్యుత్తు వల్ల వాతావరణానికి జరిగే మేలుకీ కీడుకీ మూలం చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

జలవిద్యుత్తుకు పొగగొట్టం లేదు కాబట్టి అది స్వచ్ఛమైన కరెంటు అన్న పేరు తెచ్చుకుంది. పొగ లేదు గానీ వాయువు ఉంది. లోయను ముంచినప్పుడు అందులోని చెట్లు, గడ్డి, మట్టిలోని సేంద్రియ పదార్థం నీటి కిందికి పోతాయి. ఉష్ణమండలంలో ఎండకు పైనీరు వేడెక్కి తేలికై పైనే నిలుస్తుంది, చల్లటి నీరు అడుగున ఉండిపోతుంది. రెండూ సరిగా కలవవు. అడుగున ఉన్న కాస్త ఆక్సిజన్ కుళ్లుతున్న పదార్థం తినేశాక, గాలి అవసరం లేని సూక్ష్మజీవులు పని మొదలుపెట్టి మిథేన్ తయారుచేస్తాయి. వేసవిలో చెరువు బురదలో కాలు పెడితే బుడబుడమంటూ పైకి వచ్చే బుడగల్లో ఉండేది ఎక్కువగా ఇదే. వందేళ్ల లెక్కన టన్నుకు టన్ను చూస్తే మిథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 నుంచి 30 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. ఇది జలాశయం పైనుంచి మాత్రమే బయటపడదు. టర్బైన్లకు నీటిని లోతు నుంచి తీసే చోట, అడుగున ఒత్తిడిలో కరిగి ఉన్న మిథేన్ టర్బైన్ దాటి బయటి గాలి తగిలీ తగలగానే విడిపోతుంది. జలాశయం మీద మాత్రమే కొలతలు తీసి ఊరుకుంటే ఈ భాగం లెక్కలోకి రాదు.

ఇందుకు ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ బ్రెజిల్‌లోని బల్బీనా. అమెజాన్ అడవిలో ఉవతుమా నది మీద 1980ల చివర్లో నీరు నింపిన ఈ ఆనకట్ట దాదాపు 2,360 చదరపు కిలోమీటర్ల అడవిని ముంచింది. దాని సామర్థ్యం 250 మెగావాట్లు. చదరపు మీటరు ముంపుకు వచ్చింది 0.1 వాట్ మాత్రమే. ఫిలిప్ ఫియర్న్‌సైడ్ వంటి శాస్త్రవేత్తలు అదే కరెంటు బొగ్గుతో చేసినా ఇంత నష్టం ఉండేది కాదని లెక్కకట్టి చూపించారు. ప్రపంచ జలాశయాల కొలతలన్నీ కలిపి 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం వాటి నుంచి ఏటా కార్బన్ డయాక్సైడ్ లెక్కలో 80 కోట్ల టన్నుల మేర ఉద్గారాలు వస్తాయి, వాటి ప్రభావంలో అయిదింట నాలుగు వంతులు మిథేన్‌దే. క్యోటో ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్లు ఇచ్చేటప్పుడు ఐక్యరాజ్యసమితి పెట్టిన జల్లెడ కూడా ముంపునే చూసేది. చదరపు మీటరుకు 4 వాట్ల లోపు వచ్చే కొత్త జలాశయాలకు అర్హత ఉండేది కాదు, 10 వాట్లు దాటితే ఉద్గారాలు సున్నా అనుకునేవారు.

పడమటికి పోని నీటితో పాటు తూర్పుకు నడిస్తే ఈ జల్లెడకు అర్థం తెలుస్తుంది. భీమ మీద 1980లో పూర్తయిన ఉజనీ జలాశయం పూణే, పింప్రీ-చించ్‌వడ్ మురుగునంతా మోస్తోంది. నాచు పట్టి పచ్చబడ్డ ఆ నీరే సోలాపూర్‌కు తాగునీరు. తువ్వాళ్లు, చద్దర్లు నేసే ఆ ఊళ్లోనూ తెలుగు పద్మశాలీలు వేల కుటుంబాలుగా ఉన్నారు. 2016 అధ్యయనం తేల్చిన ఇంకో సంగతి ఇక్కడ ముఖ్యం: జలాశయం వయసు కంటే అందులో చేరే పోషకాలు, పెరిగే నాచు మిథేన్‌ను ఎక్కువగా నిర్ణయిస్తాయి. పూణే మురుగుశుద్ధి కేంద్రాల పనితీరు వాతావరణ సమస్య కూడా అయ్యేది అందుకే.

శ్రీశైలం దగ్గర రెండు గట్ల కేంద్రాల సామర్థ్యం కలిపి 1,670 మెగావాట్లు, నిండినప్పుడు జలాశయం విస్తీర్ణం దాదాపు 615 చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు 2.7 వాట్లు. నాగార్జునసాగర్‌కు 2.9. కొండ దూకే కోయనాకు 17. తెలుగువాళ్లు గర్వంగా చూపించుకునే రెండు ఆనకట్టలూ 4 వాట్ల గీతకు కిందే ఉన్నాయి. అవి సాగునీటికీ వరద కాపుకీ కూడా పనికొస్తున్నాయి కాబట్టి ఉద్గారాల భారమంతా కరెంటు మీదే వేయడం న్యాయం కాదు. ఒండ్రుతో పాటు కొంత కార్బన్ అడుగున పూడిపోతుంది, దాన్నీ లెక్కలో తీసేయాలి. పైగా ఈ గీత ప్రాథమిక అంచనాకే, కొలతకు బదులు కాదు.

ఆత్మకూరు వైపు వేసవిలో శ్రీశైలం నీరు వెనక్కి తగ్గినప్పుడు సంగమేశ్వర ఆలయం నీళ్లలోంచి బయటపడుతుంది. చుట్టూ మైళ్ల పొడవున ఒండ్రుమట్టి తేలి, ముందు నెర్రెలు విచ్చి, ఆ తర్వాత గడ్డి మొలుస్తుంది. గొర్రెలు, పశువులు మేస్తాయి, కొన్నిచోట్ల రైతులు పంటలూ వేస్తారు. జూలై, ఆగస్టులలో కృష్ణ వరద రాగానే ఆ పచ్చదనమంతా మళ్లీ మునిగి కుళ్లుతుంది. మునిగిన అడవి కొన్నేళ్లకు హరించుకుపోవచ్చు గానీ ఈ గడ్డి ఏటా కొత్తగా వస్తుంది. 1981లో సుమారు వంద ఊళ్లను ఖాళీ చేయించి నింపిన జలాశయం కాబట్టి పాతబడి ఉద్గారాలు ఆగిపోయాయని అనుకోవడానికి అందుకే వీల్లేదు.

పడమటి దారిలో భివ్‌పురీ టర్బైన్లు దాటిన నీరు కర్జత్ ప్రాంతంలో ఉల్హాస్‌కు అందుతుంది. ఎండాకాలంలో ఈ నది పారుతోందంటే ఆంధ్రా నీటి పుణ్యం చాలా ఉంది. నేరళ్, వాంగణీ, బద్లాపూర్ దాకా నది పల్లపు పొలాల మధ్య సాగుతుంది. వర్షాకాలంలో దాని కోపం వేరు. 2019 జూలై 27న వాంగణీ దగ్గర ఉల్హాస్ వరదలో మహాలక్ష్మీ ఎక్స్‌ప్రెస్ చిక్కుకుంటే వెయ్యిమందికి పైగా ప్రయాణికులను పడవలతో ఒడ్డుకు చేర్చారు. కుండపోతలు ముదిరే కొద్దీ ఆనకట్టలు నడిపేవాళ్ల పని కష్టమవుతుంది. కరెంటు కోసం నిండుగా ఉంచాలి, వరద కోసం ఖాళీగా ఉంచాలి. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కులు ముంచుకొచ్చినప్పుడు శ్రీశైలం ఈ ఇరకాటంలోనే పడింది, కర్నూలు మునిగింది.

బద్లాపూర్ దాటాక బార్వీ, కల్యాణ్ దగ్గర భాత్సా నీటితో కాళు వచ్చి కలుస్తాయి. కల్యాణ్ ఎగువన మోహనే ప్రాంతంలో నది మీద గుర్రపుడెక్క చాపలా పరుచుకుంటుంది. అది మురుగు తిని పెరుగుతుంది, చచ్చి అడుగుకు చేరి మిథేన్‌కు మేతవుతుంది. అక్కడికి దగ్గర్లోనే షహాడ్ దగ్గర నీటిని తోడి టెమ్‌ఘర్‌లో శుద్ధిచేసి భీవండి, ఠాణే, మీరా-భాయందర్‌లకు పంపిస్తారు. భీవండి పద్మానగర్‌లో కుళాయి తిప్పిన తెలుగు ఇంటి బిందెలో ఆ లెక్కన కొంతైనా కృష్ణా బేసిన్ నీరు పడుతోంది.

నీరు ఇంత దగ్గరగా ఉన్నా భీవండి సాంచెలను తిప్పే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. 2007 జనవరిలో పంపిణీ బాధ్యత దేశంలోనే తొలిసారిగా ఫ్రాంచైజీకి, టొరెంట్ పవర్‌కు, ఇచ్చారు. అంతకుముందు కోతలు, నష్టాలు ఊరిని పీడించేవి. కరెంటు పోతే బీము మీద పోగులు ఉన్నచోటే ఆగిపోతాయి, మీటర్ల లెక్కన కూలి తీసుకునే కార్మికుడికి ఆ గంట దండగ. అందుకే సాయంత్రం డిమాండు ఎగబాకినప్పుడు నిమిషాల్లో అందుకునే కోయనా, భీరాల విలువ సాంచెల ఊరికి బాగా తెలుసు. భారత గ్రిడ్‌లో సగటున యూనిట్‌కు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. దాంతో పోలిస్తే సహ్యాద్రి దూకే నీటి కరెంటు నిస్సందేహంగా మేలు.

ఇప్పుడు ఈ కొండలకు ఇంకో పని వచ్చింది. పగటి సౌర విద్యుత్తుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలే కేంద్రాల కోసం టాటా పవర్ 2023లో మహారాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది: శిరవటాలో 1,800 మెగావాట్లు, భివ్‌పురీలో 1,000. ఉన్న చెరువులనే వాడుకుని, కొత్త లోయలను ముంచకపోతే ఇది సరైన దారి. పడమటికి పోయిన నీరు తిరిగి పైకి వస్తే కృష్ణా బేసిన్‌కూ అన్యాయం జరగదు.

భీవండి ఊరి మురుగును, అద్దకాల రంగునీటిని కామ్వారీ నది ఉప్పుటేరులోకి తెస్తుంది. ఉల్హాస్ నీరు అందులో కలిసి వసయీ వైపు సముద్రం చేరుతుంది. ఈ దారంతటిలో ఏ ఆనకట్టనూ పేరు చూసి స్వచ్ఛమైనదని గానీ చెడ్డదని గానీ అనడానికి లేదు. ఎంత ముంచింది, ఎంత లోతు నుంచి నీరు తీస్తోంది, అందులోకి ఎంత మురుగు వస్తోంది అన్నవే తీర్పు చెప్పాలి. శ్రీశైలం, సాగర్, ఉజనీలలో జలాశయం మీద, టర్బైన్ల దిగువన, వేసవిలో తేలే ఒండ్రుమట్టిలో మిథేన్‌ను ఏడాది పొడవునా కొలిచి, ఆ అంకెలను నీటిమట్టాల మాదిరిగానే రోజూ ప్రజలకు చెప్పాలి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, మహారాష్ట్ర ప్రభుత్వం కొత్త జలాశయాలకు అనుమతి ఇచ్చే ముందు చేయవలసిన పని ఇదే.