షేకరూ, గూడూరు నిమ్మకాయలూ

మా గ్యాంగులో నాకో బిరుదుంది, "బార్‌టెండర్ గారు" అని. వెటకారమే లెండి. నెలకో శనివారం కొండాపూర్లోని మా ఫ్లాట్లో నలుగురైదుగురం కలుస్తాం. ఒకప్పుడు దాని పేరు సిట్టింగు, ఇప్పుడు కాక్‌టెయిల్ నైటు. పేరు మారిస్తే ఏమొస్తుందోయ్ అంటారా? నేనూ చాలా వచ్చిందనే అనుకున్నాను, పోయిన వేసవి దాకా.

సిట్టింగు గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక ఫుల్ బాటిలు, సోడా, థమ్సప్పు, మంచింగుకి చికెన్ సిక్స్టీఫైవు, ఉల్లిపాయ ముక్కలు వేసిన పల్లీలు. లక్ష్యం ఒక్కటే, బాటిల్ ఖాళీ అవ్వాలి. ముక్కు మూసుకుని మింగడం, మొహం వికారంగా పెట్టడం, వెంటనే ఓ పల్లీ నోట్లో వేసుకోవడం. ఇంత నచ్చని పదార్థాన్ని డబ్బులిచ్చి మరీ ఎందుకు తాగుతున్నాం అని నాకెప్పుడూ డౌటే. పైగా "ఇంకో పెగ్గేస్కోరా, ఏం కాదు" అనే బలవంతం ఒకటి!

ఆ డౌటుతోనే రెండేళ్ళ క్రితం ఈ కాక్‌టెయిళ్ళ మీద పడ్డాను. ఓ షేకరు కొన్నాను, ఓ జిగ్గరు కొన్నాను. జిగ్గరంటే కొలత గ్లాసు. ఒక వైపు 30, రెండో వైపు 60 మిల్లీలీటర్లు.

మొదట నేర్చుకున్నది డైకిరీ. ఇది మన జాతి డ్రింకు, అంటే ఇంజనీర్ల డ్రింకు :) 1898 ప్రాంతంలో క్యూబాలో, శాంటియాగో దగ్గరి ఇనుప గనుల్లో పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజనీరు దీన్ని కలిపాడని చెబుతారు. గని ఉన్న ఊరి పేరే డ్రింకు పేరయ్యింది. వైట్ రమ్ము 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 25, చక్కెర పాకం 20. పాకమంటే లడ్డూల పాకం కాదు, చక్కెరా నీళ్ళూ సమానంగా కలిపి కరిగిస్తే చాలు. ఐసు నిండా వేసి పన్నెండు పదిహేను సెకన్లు గట్టిగా ఊపాలి. ఊపేది స్టైలుకి కాదండోయ్. చల్లబడేటప్పుడు ఐసు కరిగి పావు వంతు పైనే నీళ్ళు కలుస్తాయి. రెసిపీలో ఎవరూ రాయని నాలుగో పదార్థం ఆ నీళ్ళే. అది తగ్గితే గొంతు మండుతుంది, ఎక్కువైతే చప్పబడుతుంది.

రెండోది జిన్ అండ్ టానిక్. దీనికి షేకరు కూడా అక్కర్లేదు. పొడుగు గ్లాసు నిండా ఐసు, జిన్ను 45, పైన టానిక్ వాటర్ 130 దాకా, ఓ నిమ్మ చెక్క. టానిక్‌లో ఆ చేదు క్వినైన్‌ది. క్వినైన్ మలేరియాకి మందు. మన దేశంలో ఉన్న తెల్లదొరలు ఆ చేదు భరించలేక జిన్ను కలుపుకున్నారు. ఆ మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడనుకున్నారు? మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. మనవాళ్ళు మందు అని ఊరికే అన్లేదు మరి!

మూడోది ఓల్డ్ ఫ్యాషన్డ్. 1806లో ఒక అమెరికన్ పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెబుతూ మద్యం, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్ అని రాసింది. ఓల్డ్ ఫ్యాషన్డ్ అంటే ఇప్పటికీ అంతే. విస్కీ 45, చెంచాడు పాకం, రెండు మూడు చుక్కల బిట్టర్స్, పెద్ద ఐసు గడ్డ, నారింజ తొక్క. మా వీధి వైన్ షాపులో బిట్టర్స్ అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు, అది వేరే కథ.

నా అసలు గర్వం మాత్రం రుచి గురించి కాదు, కొలత గురించి. మన దగ్గర విస్కీ, రమ్ము మామూలుగా 42.8 శాతం ఉంటాయి. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు పది గ్రాముల ఆల్కహాలు. కొలిచి పోస్తే ఎవడు ఎంత తాగాడో లెక్క తెలుస్తుంది. మనిషికి రెండు గ్లాసులు, అంతే. తాగని ఫ్రెండుకి అదే షేకర్లో నిమ్మరసం, అల్లం, తేనె. ఎవడి బలవంతమూ లేదు. ఇంటికెళ్ళేది క్యాబులోనే. "చూశారా, తాగుడికీ ఓ పద్ధతి తెచ్చాను" అని భుజాలు ఎగరేసేవాణ్ణి.

పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. మాది నెల్లూరు వైపు పల్లె. వస్తూ వస్తూ సంచీడు గూడూరు నిమ్మకాయలు తెచ్చింది. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటగట్టు మీద షేకరు, జిగ్గరు, మూడు సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. అల్మారా సర్దిందన్నమాట.

"ఏందబ్బయా ఇది?" అంది.

ఇక నా లెక్చరు మొదలు... క్యూబా, ఇంజనీరు, మిల్లీలీటర్లు, గ్రాములు. అమ్మ మొత్తం విన్నది. కోప్పడలేదు. చివర్లో ఒక్కటే మాట అంది.

"మా నాయన కూడా కొలిచే తాగినాడు రా. రోజుకొక్క ప్యాకెట్టే అనేవాడు మొదట్లో."

తాతయ్య సారాకి పోయాడని నాకు తెలుసు. కానీ ఎలాగో ఎప్పుడూ అడగలేదు. అప్పట్లో సర్కారు సారా ప్యాకెట్లలోనే వచ్చేది. కూలి డబ్బులు ఇంటికి చేరేలోపే దుకాణం మింగేసేదట. 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకినప్పుడు, అమ్మమ్మ కూడా చీపురు పట్టుకుని దుకాణం ముందు కూర్చుందట. 1993 అక్టోబర్లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది, 1997లో ఎత్తేశారనుకోండి. తాతయ్యకి మాత్రం అవేవీ అందలేదు, అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఆయన సారా, నాది వేరే" అని నోటి దాకా వచ్చింది. అనలేకపోయాను. ఎందుకంటే ఆ రాత్రి నా లెక్క నేనే వేసుకున్నాను. శనివారం లెక్క పక్కాగా ఉంది. మరి మంగళవారాలు? "కొత్త రెసిపీ ప్రాక్టీసు" అని, రిలీజు టెన్షన్లో ఒక్కణ్ణే కలుపుకున్న రాత్రులు ఆ నెలలో తొమ్మిది. ప్రతిసారీ సరిగ్గా 60 మిల్లీలీటర్లే, కొలిచే పోశాను! గ్లాసుని కొలిచానే గానీ నెలని ఎప్పుడూ కొలవలేదు.

మానేశానని గొప్పలు చెప్పను. కాక్‌టెయిల్ నైట్లు ఇంకా ఉన్నాయి. కానీ ఒక్కణ్ణే ఉన్నప్పుడు కలుపుకోవడం లేదు. శనివారం మిగిలిన సీసా ఫ్రెండు పట్టుకెళ్ళిపోతాడు. క్యాలెండర్లో గుర్తు పెడుతున్నాను, ఈ మధ్య రెండుసార్లు తప్పాను కూడా.

వెళ్ళే ముందు రోజు అమ్మ ఆ షేకరు తీసి, "దీంట్లో ఏదో ఒకటి చేసియ్యి, చూద్దాం" అంది. నిమ్మరసం, పాకం, చిటికెడు ఉప్పు, నిండా ఐసు వేసి ఊపి ఇచ్చాను. తాగి, "బాగుంది. ఇట్టా చేసుకోరాదా" అంది.

నాకు జవాబు దొరకలేదు. నిమ్మకాయలు మాత్రం ఇంకో పది రోజులొచ్చాయి.