కరణ్‌కోటలో ఆగిన బిల్లు

తాండూరు దాటి కరణ్‌కోట దారి పడితే లారీలే లారీలు. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఈ ఊళ్లోదే. నేను వెళ్లింది మాత్రం నాపరాయి బండలు అమ్మే ఒక చిన్న ఆఫీసుకు. రాయి ఇక్కడిది, లెక్కలు హైదరాబాద్ సర్వర్‌లో ఉంటాయి. బిల్లు రాకుంటే లోడైన లారీ గేటు దాటదు.

నేనున్నప్పుడే బిల్లింగ్ ప్రోగ్రాం నిలిచిపోయింది. సిస్టమ్స్ చూసే కుర్రాడు దాన్ని మళ్లీ నడపడానికి సర్వర్‌లోకి వెళ్లబోతే చోటు లేదంది. విడిగా లైసెన్సులు లేకుంటే విండోస్ సర్వర్ నిర్వహణకు ఒకేసారి రెండు రిమోట్ సెషన్లే ఇస్తుంది. రెండూ నిండి ఉన్నాయి.

సర్వర్‌ను రీస్టార్ట్ చేయించడం తేలిక. అతను ఆ పని చేయలేదు, నాకు నచ్చింది అదే. వీపీఎన్ మీద తన ల్యాప్‌టాప్‌లోనే నల్ల తెర తెరిచి ‘క్విన్‌స్టా’ అని కొట్టి, సర్వర్ పేరు జోడించాడు. ఎవరెవరు లోపలున్నారో, వారి ఐడీ నంబర్లేమిటో వరసగా వచ్చాయి. 2వ నంబరు ‘యాక్టివ్’. హైదరాబాద్‌లో ఒకరు బ్యాకప్ తీస్తున్నారు. 3వ నంబరు ‘డిస్క్’, అంటే కిటికీ మూసేసి వెళ్లిపోయినా లోపల సెషన్ అలాగే ఉందన్నమాట. అందులో ప్రోగ్రాములు ఇంకా నడుస్తూ ఉండవచ్చు కూడా. అందుకే ముందు ఫోన్ చేశాడు.

“అన్నా, మీ పేరు మీద సెషన్ ఒకటి అట్లనే ఉంది. అందుల ఏమన్న నడుస్తున్నదా?”

“ఏం లేదు తమ్మీ, తీసెయ్.”

మొదట సర్వర్ పేరు జోడించి ‘లాగాఫ్ 3’ కొట్టాడు. కదలలేదు. అప్పుడే ‘రీసెట్ సెషన్ 3’, పక్కన సర్వర్ పేరు. ఈ ఆదేశం ఎవరినీ అడగదు, సేవ్ చేయని పని పోతుంది. నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సింది ఇక్కడే. జాబితాలో కనిపించే 0, 65536 వ్యవస్థవి, వాటి జోలికి పోకూడదు. తెర మీద ఏ సందేశమూ రాలేదు. మళ్లీ క్విన్‌స్టా కొడితే 3 లేదు. అతను లోపలికి వెళ్లాడు, బిల్లు ప్రింటైంది, లారీ కదిలింది.

రిమోట్ సర్వర్ల మీద పనిచేసేవారికి నా విన్నపం. పని కాగానే మూలనున్న ఎక్స్ నొక్కి లేచిపోకండి, సైన్ అవుట్ చేయండి. సర్వర్ మీ చేతిలో ఉంటే, వదిలేసిన సెషన్లు వాటంతటవే ముగిసేలా గ్రూప్ పాలసీలో గడువు పెట్టండి.