రాణిగంజ్‌లో ముక్క.. బాలానగర్‌లో మెలకువ

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నడవాలంటే భుజాలు కాస్త దగ్గరికి లాక్కోవాలి. ఒక పక్క పైపులు దించే ట్రాలీ ఆటో, ఇంకో పక్క మోటార్ పంపు మోసుకెళ్లే హమాలీ. బేరింగులు, బెల్టులు, బోల్టులు, డ్రిల్ బిట్లు.. ఎటు చూసినా ఇనుమే. జేమ్స్ స్ట్రీట్ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. బండి తీసుకెళ్తే మాత్రం, అది పెట్టే చోటు వెతకడానికే సగం పూట పోతుంది.

నేను వెళ్లింది ఒక్క అల్యూమినియం ముక్క కోసం. మా మేనత్త వీల్‌ఛెయిర్‌లో పాదం పెట్టుకునే పలకను పట్టి ఉంచే బ్రాకెట్ విరిగింది. అరచేతిలో సగం కూడా ఉండదది. అమ్మినవాళ్లను అడిగితే ‘విడిగా రాదు, సెట్ మొత్తం కొనాల్సిందే. నెల పడుతుంది’ అన్నారు. ఆ నెలంతా అత్త కాలు వేలాడేసుకుని కూర్చోవాలన్నమాట. ‘నా సంగతి వదిలెయ్‌రా’ అంటుంది గానీ, సాయంత్రానికి పాదం వాచిపోతోంది.

ఇంట్లో నా దగ్గర బుల్లి సీఎన్‌సీ రూటర్ ఉంది. పేరు 3018. అంటే 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు మేర పనిచేస్తుంది. చెక్క మీద పేర్లు చెక్కే రకం. దానికే ఏడాదిగా మెరుగులు పెడుతున్నా. పాత 775 మోటార్ తీసేసి 500 వాట్ల స్పిండిల్ బిగించా. రాడ్ల స్థానంలో లీనియర్ రైళ్లు వచ్చాయి. కింద మందపాటి ప్లేటు పడింది. ఇదంతా సోకు కోసం కాదు. అల్యూమినియం కోసేటప్పుడు ఫ్రేము వెంట్రుకవాసి వంగినా కట్టర్ ఊగుతుంది, ముక్క మీద అలల్లా గీతలు పడతాయి.

ఏ అల్యూమినియం?

షాపులో ‘అల్యూమినియం ప్లేటు కావాలి’ అంటే ‘ఏది?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. 19000 అని పిలిచేది దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం. మెత్తన. కోస్తుంటే బంకలా కట్టర్‌కి అతుక్కుంటుంది. హెచ్‌ఈ 9 అంటే 6063, కిటికీల ఫ్రేములకు వాడేది. హెచ్‌ఈ 30 అంటే 6082. గట్టిది, శుభ్రంగా తెగుతుంది. బరువు మోసే పనికి నేను తీసుకున్నది అదే. పెద్ద ప్లేటు అక్కర్లేదు. కటింగ్ పీసులు కిలో లెక్కన తూచి ఇస్తారు. దాంతో పాటు సింగిల్ ఫ్లూట్ కార్బైడ్ కట్టర్లు రెండు కొన్నా. ఒకటి విరిగితే ఒకటి ఉంటుందని.

షెడ్డులో పాఠం

అక్కణ్నుంచి బాలానగర్. రెడ్ లైన్ మెట్రోలో వెళ్లొచ్చు. హెచ్‌ఏఎల్ ఉన్న ఏరియా ఇది. పనిముట్ల డిజైన్ నేర్పే సీఐటీడీ 1968 నుంచి ఇక్కడే ఉంది. మెయిన్ రోడ్డు దిగి లోపలి సందుల్లోకి వెళ్తే షెడ్డు పక్కన షెడ్డు. లేత్‌లు, మిల్లింగ్ మెషీన్లు, తలుపు దగ్గర గోనె సంచుల్లో మెరిసే తురుము.

తెలిసినవాళ్లు చెప్తే ఒక పాత టర్నర్ దగ్గరికెళ్లా. నా మెషీన్ ఫొటో చూసి నవ్వాడు. ‘గింత మిషన్‌తోని అల్యూమినియం కోస్తవా తమ్మీ?’

‘మెల్లగా కోస్తానన్నా.’

విరిగిన బ్రాకెట్‌ను వెలుతురులో తిప్పి చూశాడు. ‘గీడ సూడు. లోపలి మూల కత్తిలెక్క ఉన్నది. బరువంతా ఆ మూల మీదనే పడ్తది, పగులు ఆడికెళ్లే మొదలైతది. మూల గుండ్రంగ పెట్టు. మందం రెండు మిల్లీలు పెంచు.’

విరిగినదాన్ని విరిగినట్టే కాపీ కొడితే మళ్లీ అక్కడే విరుగుతుందన్నమాట. ఇంకో మాట కూడా చెప్పాడు. ‘తురుము రావాలె, పొడి రావద్దు. సప్పుడు ఇను, మిషనే చెప్తది.’

దాని వెనక లెక్క తేలికే. స్పిండిల్ వేగం, కట్టర్ పళ్లు, ఒక్కో పన్ను కొరికే మందం.. ఈ మూడూ గుణిస్తే కట్టర్ ఎంత వేగంగా కదలాలో వస్తుంది. నిమిషానికి 12,000 తిరుగుళ్లు, ఒక పన్ను, 0.025 మి.మీ. అనుకుంటే నిమిషానికి 300 మి.మీ. అదే వేగంలో మూడు పళ్ల కట్టర్ పెడితే ఒక్కో పన్ను వాటా 0.008 మి.మీ. అప్పుడది కొరకదు, రుద్దుతుంది. వేడెక్కి, లోహం కట్టర్‌కి అతుక్కుని, టప్పున విరుగుతుంది.

ఇంటికొచ్చి 8 మి.మీ. ప్లేటు బిగించా. ఒక్కోసారికి 0.2 మి.మీ. లోతు చొప్పున 40 పొరలు. బ్రష్‌తో అప్పుడప్పుడూ రెండు చుక్కలు కటింగ్ ఆయిల్, కళ్లకు అద్దాలు. తిరిగే కట్టర్ దగ్గర గ్లోవ్స్ వద్దు, చిక్కుకుంటే చెయ్యి లాగేస్తుంది. సన్నటి ‘గుర్ర్’ మోత, సూదుల్లాంటి తురుము. రెండు గంటలు పైనే పట్టింది. అంచులు ఆకురాయితో రుద్ది బిగించా.

అత్తను వెంటనే కూర్చోనివ్వలేదు. పలక మీద 25 కిలోల బియ్యం బస్తా పెట్టి రాత్రంతా వదిలేశా. పొద్దున చూస్తే పగులు లేదు, వంపు లేదు. అత్త పాదం పెట్టి అటూ ఇటూ ఆడించి, ‘ఇది గట్టిగానే ఉంది గానీ, ఆ బియ్యం నా కాలి కింద పెట్టావేంట్రా’ అని తిట్టింది.

ఇలాంటి పని ప్రయత్నించాలనుంటే సొంత మెషీన్ లేదని ఆగిపోకండి. 2023 మార్చి 2న రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్ నమూనాలు తయారుచేసుకునేవాళ్ల కోసమే. లేదా బాలానగర్ షెడ్డులో చిన్న జాబ్ వర్క్ అడగండి. ఎక్కడికెళ్లినా విరిగిన ముక్క చేతిలో ఉండాలి. అది ఫొటోలో కనిపించనివి చెప్తుంది.

టర్నరన్న డబ్బులు తీసుకోలేదు. టీ మాత్రం తాగాడు. బయల్దేరుతుంటే వెనక్కి పిలిచి, ‘రెండో కాలుది కూడా గదే డిజైన్ గద తమ్మీ? అది ఇరిగేదాంక చూస్తవా?’ అన్నాడు. ఇది రాస్తుండగా పక్క గదిలో రెండో బ్రాకెట్ 31వ పొర నడుస్తోంది.