గొడుగు ఎందుకు తెరవలేదు?

మెల్‌బోర్న్ టార్నీట్ స్టేషన్ పార్కింగ్‌లో, కారులో మావాడి గోల.
"నాన్నా, నాప్లాన్‌లో కథ రాయమంటే ఏం రాయను? నాకేం తట్టదు!"

నాప్లాన్ అంటే ఆస్ట్రేలియా అంతటా బడిపిల్లలకి పెట్టే పరీక్ష. అందులో ఇయర్ 9 వాళ్ళకి రాతపరీక్ష 42 నిమిషాలు.
కథ అడుగుతారో, వాదించమంటారో ఆ రోజుదాకా తెలీదు.

ఎదురుగా ఒకాయన వానలో తడుస్తూ నిలబడ్డాడు. చేతిలో గొడుగుంది. తెరవలేదు.
"ఎందుకంటావ్?" అన్నా.
"పాడైందేమో."
"మరి పారేయలేదేం?"
కాసేపాగి, "వాళ్ళ నాన్నదేమో" అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఆ నాన్నకి ఓ పేరు, ఓ ఊరు, కొడుకు మీద పాత కోపం కూడా పుట్టుకొచ్చాయి!

పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టించడం కన్నా రెండు "ఎందుకు"లు అడగడం నయం.
అడిగి ఊరుకోవాలి. జవాబు మనమే చెప్పేస్తే అది వాళ్ళ కథ కాదు.

మీ పిల్లల చేత ఎలా రాయిస్తున్నారు? చెప్పండి, నేనూ నేర్చుకుంటా.