తొలకరిలో వజ్రముల వేట

తొలకరి వాన కురిసిన మరునాడు అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు పొలములను చూడవలెను. వృద్ధులు, పసిబిడ్డల నెత్తుకొనిన తల్లులు, బాలురు, అందరును వంచిన తల యెత్తక నడచుచుందురు. వాన పైమట్టిని కడిగివేయగా రాళ్లు బయటపడి మెరయును. ఆ మెరుపులలో నొకటి వజ్రము కారాదా యని వారి యాశ. కర్నూలు జిల్లాలోని జొన్నగిరి ప్రాంతమునను ఇట్లే వెదకుదురు.

ఒక తొలకరికి మేమును గుంతకల్లున బంధువుల యింట దిగి అచ్చటికి పోతిమి. పిల్లలకు భూమి చరిత్రమును చూపవలెనని మావారి సంకల్పము. నా సంకల్పము వేరు. దాని నెవ్వరికిని చెప్పలేదు.

రైతు ననుమతి వేడి, విత్తనములు చల్లని చేనిలో మాత్రమే దిగితిమి. మావారు పిల్లలతో నిట్లనిరి: "భూమి లోపల 150 కిలోమీటర్లకు మించిన లోతున వజ్రములు పుట్టును. సుమారు 110 కోట్ల యేండ్లనాడు కరిగిన రాయి యొకటి ఇచ్చట నేలను చీల్చుకొని పైకి వచ్చుచు వానిని మోసికొని వచ్చినది. ఆ రాతికి కింబర్లైటు అని పేరు. అది యెండకు వానకు శిథిలమై మట్టిలో కలిసినను, వజ్రము చెడక మిగిలినది." పిల్లలు నోరు తెరచి వినిరి. నేను నేలనే చూచుచుంటిని.

చిన్నది ఎర్రరాయి, చారలరాయి, తెల్లరాయి యనక యేరి ఒడి నింపుకొనెను. "ఈ పిచ్చిరాళ్లెందుకే?" యని నేను పారబోసితిని. అది యేడ్వలేదు, మాట మాత్రము మానెను. సాయంకాలమున తొమ్మిదేండ్ల మా యబ్బాయి శనగగింజంత తెల్లని రాయిని తెచ్చి సీసాపెంకుపై గీసెను. గీత పడెను. "అమ్మా! వజ్రమే!" యని గంతులు వేసెను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆ రాతిని మనస్సులోనే యమ్మి, తాకట్టులోనున్న గాజులను విడిపించుకొని, పిల్ల పెండ్లికి కొంత దాచితిని.

తెల్లవారిన పిదప మావారు చెప్పిరి: "ఖనిజముల కాఠిన్యమునకు 1812లో మోస్ అను శాస్త్రజ్ఞుడు 10 మెట్లు కట్టెను. గాజు సుమారు 5.5, పలుగురాయి 7, కురువిందము 9, వజ్రము 10. గాజును పలుగురాయియు గీయగలదు గనుక ఆ గీత సాక్ష్యము కాదు." ఇట్లని కురువిందపు పొడి యంటించిన కాగితముపై రాతిని రుద్దిరి. నునుపు పోయి గరుకుదేరెను. అది పలుగురాయి.

నేనేమియు ననలేదు. అబ్బాయి రాతిని చూడక నా ముఖమునే చూచెను. "అమ్మా, నేను తప్పు చేసితినా?" యని యడిగెను. కావ్యములలో కెంపునకు పేరుగా నేను చదివిన కురువిందము ఆనాడు నన్నును ఒరసి చూపినది.

ఆ మధ్యాహ్నమే మరల ఆ చేనికి పోతిమి. పారబోసిన రాళ్లను చిన్నదానితో గూడి నేనును వెదకితిని. నాలుగు దొరకినవి. ఇంటికి తెచ్చి చాకుతో గీసి చూచితిమి. తెల్లరాయి గీతపడి పొడి రాల్చెను. ఆ పొడిపై నిమ్మరసము పిండగా బుడగలు లేచినవి, అది సున్నపురాయి. పిల్లలిద్దరును చప్పట్లు కొట్టిరి. అబ్బాయి పలుగురాయి నేడు మా దేవుని గూటిలో నున్నది.

సోదరీమణులారా! తొలకరికి మీ బిడ్డలను పొలమునకు గొనిపొండు. వారి కంటికి నచ్చిన రాతిని యేరుకొననిండు. ఒక చాకు, ఒక నిమ్మపండు చాలును. మన యప్పులను మాత్రము వారి యొడిలో పోయకుడు.